పాత సీఆర్‌టీ టీవీకి ట్యాబ్ కలపడం ఎలా? టీవీకి పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు మాత్రమే ఉన్నాయి

కోనసీమ_రాజు:

అందరికీ నమస్కారం. అంబాజీపేట దగ్గర మా ఊళ్ళో అమ్మానాన్న ఇద్దరే ఉంటున్నారు. ఇంట్లో 2004లో కొన్న 21 అంగుళాల ఒనిడా టీవీ ఉంది. వెనక డబ్బాలా ఉండే పాత రకం, ఇప్పటికీ బొమ్మ బ్రహ్మాండంగా వస్తుంది. పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం 2020లో కొన్న 10 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్‌ని ఈ మధ్య వాళ్ళకిచ్చాను. అమ్మ అందులో ఎస్వీబీసీ లైవ్‌లో కల్యాణోత్సవం చూస్తుంది, నాన్న పాత సినిమాలు చూస్తారు. నాన్నకి శుక్లాల ఆపరేషన్ అయింది. ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని గంటల తరబడి తల వంచుకుని చూస్తుంటే మెడ పట్టేస్తోంది.

ట్యాబ్‌లో వచ్చేది ఆ టీవీలో కనపడేలా చేయాలి. టీవీ వెనక ఆ మూడు రంగుల ఏవీ (ఆడియో-వీడియో) పిన్నుల రంధ్రాలు, యాంటెన్నా రంధ్రం తప్ప ఇంకేం లేవు. ట్యాబ్‌కి ఛార్జింగ్ టైప్-సి, పక్కన ఇయర్‌ఫోన్ జాక్ ఉంది. ఆన్‌లైన్‌లో ఒక చివర టైప్-సి, ఇంకో చివర మూడు రంగుల పిన్నులు ఉన్న వైరు కనిపించింది. అది కొంటే సరిపోతుందా? ఇంట్లో ఫైబర్ వైఫై ఉంది.


పాలమూరు_సందీప్:

రాజు అన్నా, ఆ వైరు కొనకు. ముందు ట్యాబ్ సంగతి చూడాలి, టీవీ సంగతి తర్వాత.

టైప్-సి అనేది రంధ్రం ఆకారం మాత్రమే. దాని లోపల నుంచి వీడియో బయటికి రావాలంటే ట్యాబ్‌లో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అనే సదుపాయం ఉండాలి. ఖరీదైన ట్యాబ్‌లలో ఉంటుంది. సామ్‌సంగ్‌లో ట్యాబ్ ఎస్4 నుంచి పెద్ద ఎస్ సిరీస్ వాటికి ఉంది. అదే కంపెనీ ఎస్6 లైట్‌కి లేదు, ఏ7, ఏ8కి లేదు. ఆపిల్‌లో 2018 ఐప్యాడ్ ప్రో నుంచి టైప్-సి వచ్చింది, దాంట్లోంచి వీడియో వస్తుంది. క్లాసుల కోసం కొన్న మామూలు ట్యాబ్‌లలో చాలావాటికి యూఎస్‌బీ 2.0 మాత్రమే ఉంటుంది. వాటిలో ఆ రంధ్రం ఛార్జింగుకి, పెన్‌డ్రైవ్‌కి తప్ప వీడియోకి పనికిరాదు. ఎంత మంచి వైరు పెట్టినా బొమ్మ రాదు.

ట్యాబ్ మోడల్ నంబరు సెట్టింగ్స్‌లో చివర్న ‘అబౌట్ ట్యాబ్లెట్’లో ఉంటుంది. ఆ నంబరుతో కంపెనీ సైట్‌లో వివరాలు చూడు. యూఎస్‌బీ 2.0 అని రాసి ఉంటే వైరు దారి వదిలెయ్యి. యూఎస్‌బీ 3.1 లేదా 3.2 అని రాసి, పక్కన డిస్‌ప్లేపోర్ట్ అని కూడా ఉంటేనే ఆశ పెట్టుకో.


సిరిసిల్ల_శ్రావణి:

సందీప్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. దానికి తోడు ఇంకోటి. ట్యాబ్‌లోంచి వచ్చేది డిజిటల్ సిగ్నల్. మీ టీవీ పసుపు రంధ్రానికి కావాల్సింది అనలాగ్. మధ్యలో మార్చే సర్క్యూట్ ఉండాలి, ఆ సర్క్యూట్‌కి కరెంటు ఉండాలి. అందుకే ఒక చివర హెచ్‌డీఎంఐ (కొత్త టీవీలకి పెట్టే డిజిటల్ పిన్ను), ఇంకో చివర మూడు పిన్నులు ఉండి మధ్యలో ఏమీ లేని వైర్లు ఉత్తవే. మార్కెట్లో అవి గుట్టలు గుట్టలుగా అమ్ముతారు, చౌకగా దొరుకుతాయి కాబట్టి జనం కొంటారు. వాటితో సీఆర్‌టీలో బొమ్మ తెచ్చినవాళ్ళని నేనైతే చూడలేదు.


కోనసీమ_రాజు:

సందీప్ తమ్ముడూ, చూశాను. యూఎస్‌బీ 2.0 అనే ఉంది. డిస్‌ప్లేపోర్ట్ మాటే లేదు. మరి ఇయర్‌ఫోన్ జాక్ నుంచి వీడియో రాదా? మా పాత నోకియా ఫోన్‌కి ఒక వైరు వచ్చేది, ఇయర్‌ఫోన్ రంధ్రంలో పెడితే టీవీలో ఫొటోలు కనపడేవి.


రేడియో_మెకానిక్:

నమస్తే బాబూ. ఒంగోల్లో చాలా ఏళ్ళు టీవీ రిపేరు షాపు నడిపాను. 1982 ఏషియన్ గేమ్స్‌తో మన దేశంలో కలర్ వచ్చినప్పటి నుంచీ ఈ డబ్బాలతోనే నా బతుకు. హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ళ ఈసీ టీవీలు, సాలిడేర్, డయనోరా, తర్వాత బీపీఎల్, ఒనిడా, వీడియోకాన్ అన్నీ నా చేతుల మీదుగా పోయినవే.

నువ్వు చెప్పే నోకియా ఎన్95 లాంటి ఫోన్లలో టీవీ అవుట్ విడిగా ఉండేది. ఆ ఫోన్ లోపలే అనలాగ్ వీడియో తయారయ్యేది. ఇప్పటి ట్యాబ్‌లలో ఇయర్‌ఫోన్ జాక్‌లో శబ్దం, మైకు తప్ప ఏమీ లేవు. నాలుగు భాగాల పిన్ను పట్టింది కదా అని వీడియో రాదు.

నీ టీవీ మీద నాకేం అనుమానం లేదు. ఏవీ రంధ్రాలు ఉన్న 21 అంగుళాల టీవీ చాలు. ముందు ఒకటి చెయ్యి. టీవీ ప్లగ్గు పీకేసి వెనక ఏవీ రంధ్రాలు దగ్గరగా చూడు. కొన్ని టీవీల్లో రెండు వరసలుంటాయి, ఒకటి ‘ఇన్’, ఇంకొకటి ‘అవుట్’. అవుట్ వరస టీవీలోంచి బయటికి పంపేది, అందులో పెడితే తెల్లారేదాకా కూచున్నా ఏమీ రాదు. ముందు వైపు చిన్న మూత కింద కూడా రంధ్రాలు ఉండొచ్చు. ఇన్నేళ్ళు వాడకుండా ఉన్నాయి కనక లోపల చిలుము పట్టి ఉంటుంది. పాత ఏవీ వైరు పిన్నుని ఒక్కో రంధ్రంలో పెట్టి నాలుగైదు సార్లు గుండ్రంగా తిప్పి తీస్తే చిలుము రాలిపోతుంది.

వెనక మూత మాత్రం విప్పొద్దు, ఎవరినీ విప్పనివ్వొద్దు. పిక్చర్ ట్యూబ్ మీద 20 వేల వోల్టుల పైన ఉంటుంది, ప్లగ్గు పీకేశాక కూడా కొంతసేపు నిలిచే ఉంటుంది. ఏవీ రంధ్రాల పని అంతా బయటి నుంచే.


పాలమూరు_సందీప్:

రాజు అన్నా, ట్యాబ్ నుంచి వైరు రాదని తేలింది కాబట్టి దారి ఇది.

ఒకటి, హెచ్‌డీఎంఐ రంధ్రంలో పెట్టే స్ట్రీమింగ్ స్టిక్. క్రోమ్‌కాస్ట్ గానీ, ఫైర్ టీవీ స్టిక్ గానీ, ఆండ్రాయిడ్ టీవీ స్టిక్ గానీ ఏదైనా సరే. రెండోది, హెచ్‌డీఎంఐని ఏవీగా మార్చే చిన్న డబ్బా. స్టిక్ ఆ డబ్బాకి నేరుగా పడుతుంది. డబ్బా అవతల వైపు నుంచి మూడు పిన్నులు టీవీకి. ట్యాబ్‌లో యూట్యూబ్ తెరిచి పైన కాస్ట్ గుర్తు నొక్కితే బొమ్మ టీవీలో వస్తుంది.

ఇందులో చాలామందికి తెలియని లాభం ఒకటుంది. కాస్ట్ నొక్కాక వీడియో ట్యాబ్‌లోంచి పోదు. స్టిక్ తనే వైఫై నుంచి నేరుగా తెచ్చుకుంటుంది. ట్యాబ్ అక్కడ రిమోట్ పని చేస్తుంది, అంతే. ట్యాబ్ తెర ఆపేసినా సినిమా ఆగదు, బ్యాటరీ తగలదు. అమ్మ టీవీలో కల్యాణం చూస్తుంటే ఆ ట్యాబ్‌లోనే మీరు వీడియో కాల్ చేసి మాట్లాడొచ్చు.

డబ్బా కొనేటప్పుడు దాని మీద రాసింది చదువు. ‘హెచ్‌డీఎంఐ2ఏవీ’ అని ఉండాలి. ‘ఏవీ2హెచ్‌డీఎంఐ’ అని ఇంకోటి ఉంటుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, పని మాత్రం తలకిందులు. రెండోది పాత వీసీడీ ప్లేయర్ని కొత్త టీవీకి కలిపేది.


న్యూజెర్సీ_పద్మ:

ఇక్కడి నుంచి ఇండియాకి వస్తువులు తీసుకెళ్ళేవాళ్ళకి, పంపేవాళ్ళకి ఒక మాట చెప్పాలి. గుంటూరులో మా అత్తయ్య గారింట్లో సరిగ్గా ఇదే ఏర్పాటు చేశాం. డబ్బా ఇక్కడి నుంచే పట్టుకెళ్ళాం. కలపగానే బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చింది, పైకి దొర్లుతూ ఉంది. అత్తయ్య గారు టీవీ పాడైపోయిందని టెన్షన్ పడ్డారు.

డబ్బా పక్కన గోరుతో జరిపే చిన్న స్విచ్చు ఉంటుంది. ఒక పక్క పాల్, ఇంకో పక్క ఎన్‌టీఎస్‌సీ. రెండూ పాత టీవీల సిగ్నల్ పద్ధతుల పేర్లు. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ, 525 గీతలు, సెకనుకి 60 సార్లు. ఇండియాది పాల్, 625 గీతలు, 50 సార్లు. స్విచ్చు పాల్ వైపు జరిపి, డబ్బాకి కరెంటు ఒకసారి తీసి పెట్టగానే రంగులు వచ్చాయి. రాజు గారూ, మీరు ఇండియాలో కొన్నా సరే ఆ స్విచ్చు ముందే చూసుకోండి. ఫ్యాక్టరీ నుంచి ఎటు పెట్టి వస్తుందో చెప్పలేం.


విశాఖ_కిరణ్:

అందరూ బాగా చెబుతున్నారు గానీ, ఒక అడుగు వెనక్కి వేసి ఆలోచించండి. స్టిక్, డబ్బా, ఛార్జర్ కలిపితే అయ్యే ఖర్చుకి ఇంకొంత వేస్తే చిన్న స్మార్ట్ టీవీయే వస్తుంది. 21 అంగుళాల సీఆర్‌టీ 70 నుంచి 100 వాట్ల దాకా తాగుతుంది. 24 అంగుళాల ఎల్‌ఈడీకి 30 వాట్ల చుట్టుపక్కల చాలు. పెద్దవాళ్ళు రోజుకి ఏడెనిమిది గంటలు చూస్తే కరెంటు బిల్లులోనే తేడా తెలుస్తుంది. పైగా యాప్‌లలో అక్షరాలు సీఆర్‌టీలో చదవడం కష్టం. నాన్న గారి కళ్ళ కోసమే కదా ఇదంతా.


సిరిసిల్ల_శ్రావణి:

కిరణ్ గారూ, మీ లెక్క సరైనదే. కొత్త టీవీ కొనగలిగినవాళ్ళు కొనుక్కోవడంలో తప్పేం లేదు. కానీ పనిచేస్తున్న వస్తువుని తీసి పారెయ్యడానికి నాకు మనసొప్పదు. సీఆర్‌టీ వెనక గాజులో సీసం ఉంటుంది. పాత సామాన్ల వాళ్ళకి వేస్తే రాగి తీగ కోసం ట్యూబ్ పగలగొట్టి గాజుని ఏ చెరువు గట్టునో పడేస్తారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. పల్లెల్లో అలాంటి చోటు ఎక్కడుంది? టీవీ పనిచేసినన్నాళ్ళు వాడుకోవడమే మేలు. ఇంకో సంగతి, స్టిక్ వృథా పోదు. రేపు కొత్త టీవీ కొన్నా అదే స్టిక్ దానికి పెట్టుకోవచ్చు.


కోనసీమ_రాజు:

కిరణ్ గారూ, మీరు చెప్పింది ఆలోచించాను. నాన్న ఆ టీవీని వదలరు. ఆయన రిటైరయినప్పుడు వచ్చిన డబ్బుతో కొన్నది. కొత్తది తెస్తానంటే ‘ఇది చెడిపోయాక చూద్దాం’ అంటారు. కాబట్టి సందీప్ చెప్పిన దారిలోనే వెళ్తాను.

కొన్ని సందేహాలు. స్టిక్‌కి, డబ్బాకి కరెంటు ఎక్కడి నుంచి? మా టీవీకి ఎరుపు రంధ్రం ఉంది గానీ స్పీకరు ఒకటే అనుకుంటా, అది సమస్యా? ఏవీ మోడ్‌కి వెళ్ళడానికి అసలు రిమోట్ పోయింది, ఇప్పుడు ఉన్నది బజార్లో కొన్న మామూలు రిమోట్.


రేడియో_మెకానిక్:

కరెంటు సంగతి. రెండింటికీ 5 వోల్టులు కావాలి. రెండు యూఎస్‌బీ రంధ్రాలున్న మంచి ఛార్జర్ ఒకటి, 2 ఆంపియర్లకి తగ్గకుండా ఉన్నది పెట్టుకో. డబ్బాకి కొంచెం చాలు గానీ, స్టిక్‌కి తక్కువైతే మధ్యలో ఆగి ఆగి మొదలవుతుంది. డబ్బాకి కరెంటు ఇవ్వకుండానే పనిచేస్తుందని అంటారు. హెచ్‌డీఎంఐ రంధ్రంలోంచి వచ్చే కాస్త కరెంటుతో కొన్ని డబ్బాలు నడుస్తాయి, కొన్నింట్లో బొమ్మ వచ్చి పోతూ ఉంటుంది. విడిగా ఇచ్చేస్తే ఆ గొడవే ఉండదు.

రిమోట్ సంగతి. ఏవీ, టీవీ/ఏవీ, వీడియో, సోర్స్, ఈ నాలుగింట్లో ఏదో ఒక బటన్ ఉంటుంది. ఏదీ లేకపోతే టీవీ ముందున్న ఛానల్ బటన్‌తో 1వ ఛానల్ నుంచి కిందికి నొక్కు. ఆ కాలం టీవీల్లో చాలావాటికి 0 నంబరే ఏవీ. తెర నీలంగా అయి మూల మీద ఏవీ అని వస్తే అక్కడికి చేరినట్టే.

స్పీకరు ఒకటే అయినా, ఎరుపు రంధ్రం ఉంటే రెండూ పెట్టెయ్యి. కలిపే పని టీవీ చూసుకుంటుంది. పసుపు, తెలుపు రెండే ఉన్న టీవీల్లోనే ఇబ్బంది. అక్కడ తెలుపు మాత్రమే పెడితే ఎడమ పక్క శబ్దమే వినపడుతుంది. మాటలు రెండు పక్కలా ఉంటాయి కనక సినిమాకి పెద్దగా తెలియదు. పాత స్టీరియో పాటల్లో గొంతు ఒక పక్క, వాద్యాలు ఒక పక్క పెట్టినవి ఉంటాయి, వాటిలో సగం పాట పోతుంది. రెండు పిన్నుల్ని ఒకటి చేసే వై ఆకారపు వైరు పెడితే సరిపోతుంది.

పిన్నులు పెట్టేటప్పుడు అన్నీ ఆపేసి పెట్టు. గుయ్యిమని పెద్ద శబ్దం వచ్చి తెర నల్లగా ఉంటే పసుపు పిన్ను ఆడియో రంధ్రంలో పడిందని అర్థం. కంగారు పడక్కర్లేదు, మార్చి పెడితే చాలు.


పాలమూరు_సందీప్:

హైదరాబాద్ వచ్చే పని ఉంటే కోఠిలో గుజరాతీ గల్లీకి పో అన్నా. ఏవీ పిన్నులు, వై వైర్లు, డబ్బాలు, యాంటెన్నా సామాన్లు అన్నీ అక్కడ దొరుకుతాయి. షాపులోనే కలిపి చూపించమని అడుగు. స్టిక్ మాత్రం కంపెనీది తీసుకో. గూగుల్ క్రోమ్‌కాస్ట్ తయారీ 2024లో ఆపేసింది, అయినా ఇంట్లో పాతది పడి ఉంటే నిక్షేపంగా వాడుకోవచ్చు.

స్టిక్ మొదటిసారి సెట్ చేసేటప్పుడు సీఆర్‌టీ మీద చేయకు. ఆ అక్షరాలు చిన్నగా, మసకగా కనపడతాయి, వైఫై పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు విసుగొస్తుంది. నీ దగ్గరున్న కొత్త టీవీ మీద అన్నీ పూర్తిచేసి, యూట్యూబ్‌లో లాగిన్ అయ్యి, తర్వాత ఊరికి పట్టుకెళ్ళు. ఒక కిటుకు చెప్తా. ఊళ్ళో వైఫై పేరు, పాస్‌వర్డ్ ఏవి ఉన్నాయో సరిగ్గా అవే అక్షరాలతో నీ ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, స్టిక్‌ని దానికి కలుపు. ఊళ్ళో టీవీకి పెట్టగానే అదే అనుకుని అక్కడి వైఫైకి తనంతట తనే అంటుకుంటుంది. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా కూడా రాకూడదు.


కర్నూలు_రెహానా:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నాదీ ఇదే సమస్య. మా ఇంట్లో పాత ఐప్యాడ్ 2 ఉంది, వెడల్పు ఛార్జింగ్ పిన్నుది. దాన్ని సీఆర్‌టీకి కలపొచ్చా?


పాలమూరు_సందీప్:

రెహానా అక్కా, 30 పిన్నుల ఐప్యాడ్‌కి ఆపిల్ వాళ్ళే కాంపోజిట్ ఏవీ వైరు అమ్మేవారు. దానికి డబ్బా అక్కర్లేదు, నేరుగా మూడు పిన్నులు టీవీకి వెళ్తాయి. కానీ మొత్తం తెర కనపడదు, వీడియో బయటికి పంపే యాప్‌లలో ఆడే వీడియోలు మాత్రమే వస్తాయి. ఆ వైర్లో ఆపిల్ చిప్ ఉంటుంది, నకిలీ వైర్లు ఎక్కువగా ఆడవు. అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఏంటంటే, ఐప్యాడ్ 2 ఐఓఎస్ 9 దగ్గరే ఆగిపోయింది, ఇప్పటి యాప్‌లు దానికి రావు. అందులో దాచిన పెళ్ళి వీడియోలు, ఫొటోలు చూసుకోవడానికైతే వైరు కొను. యూట్యూబ్ కోసమైతే రాజు అన్నకి చెప్పిన స్టిక్ దారే నీకూ మంచిది.

2012 చివరి నుంచి వచ్చిన లైట్‌నింగ్ పిన్ను ఐప్యాడ్ అయితే ఆపిల్ డిజిటల్ ఏవీ అడాప్టర్, దాని వెనక హెచ్‌డీఎంఐ2ఏవీ డబ్బా. అది బాగానే పనిచేస్తుంది.


కోనసీమ_రాజు:

దసరాకి ఊరెళ్ళి అంతా కలిపాను. బొమ్మ వచ్చింది! సందీప్ చెప్పిన హాట్‌స్పాట్ కిటుకు అచ్చంగా పనిచేసింది, స్టిక్ పెట్టిన కాసేపటికే ఇంటి వైఫైకి అంటుకుంది. పద్మ గారూ, స్విచ్చు ఎన్‌టీఎస్‌సీ వైపే ఉంది, పెట్టకముందే మార్చాను. అమ్మ పడక కుర్చీలో వెనక్కి వాలి కల్యాణం చూసింది. నాన్న మంచం మీద నుంచే చూస్తున్నారు, ట్యాబ్‌లో వెతికి కాస్ట్ నొక్కడం అమ్మ అప్పుడే నేర్చేసుకుంది.

రెండు చిక్కులు మిగిలాయి. మనుషులు కొంచెం సన్నగా, పొడుగ్గా కనపడుతున్నారు. ఇంకోటి, యూట్యూబ్ బాగానే వస్తోంది గానీ ఒక సినిమా యాప్‌లో మాటలు వినపడతాయి, తెర నల్లగా ఉంటుంది.


సిరిసిల్ల_శ్రావణి:

నల్ల తెర మీ తప్పు కాదు, టీవీ తప్పు కాదు. దాన్ని హెచ్‌డీసీపీ అంటారు. డబ్బులు కట్టి చూసే సినిమాల్ని ఎవరూ కాపీ తీయకుండా హెచ్‌డీఎంఐలో వేసే తాళం అది. అవతలి పరికరం దగ్గర సరైన తాళంచెవి లేకపోతే బొమ్మ పంపదు. చౌక డబ్బాల్లో కొన్ని ఆ తాళంచెవి లేకుండానే వస్తాయి. అట్ట మీద హెచ్‌డీసీపీ అని రాసి ఉన్న డబ్బా తెచ్చి ఆ యాప్‌తోనే షాపులో పెట్టి చూడండి. మార్చుకునే వీలున్న చోట కొనండి.


రేడియో_మెకానిక్:

చాలా సంతోషం బాబూ. పొడుగు మొహాల సంగతి నేను చెబుతాను.

స్టిక్ పంపేది 16:9 బొమ్మ, అంటే వెడల్పు ఎక్కువ. నీ టీవీ తెర 4:3. డబ్బా ఆ వెడల్పు బొమ్మని రెండు పక్కల నుంచీ నొక్కి నీ తెరలో ఇరికిస్తోంది. అందుకే మనుషులు సన్నబడ్డారు. రిమోట్‌లో జూమ్, వైడ్, 16:9, పిక్చర్ సైజు ఇలాంటి బటన్ ఉందేమో చూడు. 2000 తర్వాత వచ్చిన చాలా టీవీల్లో ఉంటుంది, ఒక్కోసారి మెనూలో దాగి ఉంటుంది. 16:9 పెడితే పైనా కిందా నల్ల పట్టీలు వచ్చి మనుషులు మామూలుగా అవుతారు.

అది లేకపోతే టీవీ సర్వీస్ మెనూలో నిలువు సైజు తగ్గించే వీలుంటుంది. ఆ పని తెలిసిన మెకానిక్‌తోనే చేయించు. మార్చే ముందు అసలు అంకె కాగితం మీద రాసిపెట్టమను. అందులో వేరే అంకెలు కదిపితే రంగులు, ఫోకస్ అన్నీ చెదిరిపోతాయి. అందులోనూ మీ నాన్న గారు కేబుల్ గానీ ఫ్రీ డిష్ గానీ కూడా చూస్తుంటే అప్పుడు అవి పొట్టిగా కనపడతాయి. కాబట్టి ఏది ఎక్కువ చూస్తారో దాన్ని బట్టి నిర్ణయించుకో.

ఇంకోటి, తెర అంచుల్లో కొంత బొమ్మ కనపడకుండా పోతుంది, సీఆర్‌టీలన్నిటికీ అది సహజం. స్టిక్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కింద తెర సైజు సర్దే చోటుంటే అక్కడ కొంచెం తగ్గించు, కింద వచ్చే అక్షరాలు లోపలికి వస్తాయి.


కోనసీమ_రాజు:

మెనూలో ‘ఫీచర్స్’ అనే చోట 16:9 ఉంది. పెట్టాను, సరిపోయింది. నాన్నకి నల్ల పట్టీలు నచ్చలేదు గానీ, హీరో మొహం సరిగ్గా ఉందని ఒప్పుకున్నారు. సినిమా యాప్ కోసం వేరే డబ్బా షాపులో చూసి తెస్తాను. మెకానిక్ గారూ, సందీప్, శ్రావణి గారూ, పద్మ గారూ, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.


మన్యం_టీచర్:

నమస్కారం. ఆలస్యంగా చూశాను. మాది పార్వతీపురం అవతల చిన్న ఊరు. మా దగ్గర ఉన్నది ఇంకా పాతది, 14 అంగుళాల టీవీ. ఏవీ రంధ్రాలే లేవు, యాంటెన్నాకి రెండు మరలు ఉన్నాయి, చదునైన వైరు బిగించేవి. వైఫై లేదు, ఫోన్ హాట్‌స్పాట్ ఒక్కటే. పిల్లలకి సైన్సు పాఠాలు చూపిద్దామని ఆశ. వీలవుతుందా? మా అక్క కొడుకు అమెరికా నుంచి ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ అనేది పంపిస్తానంటున్నాడు.


రేడియో_మెకానిక్:

మాస్టారూ, అమెరికాది వద్దనండి. ఎందుకో చెబుతాను. ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ అంటే ఏవీ సిగ్నల్‌ని టీవీ ఛానల్‌గా మార్చి యాంటెన్నా రంధ్రంలోకి పంపే డబ్బా. మన పద్ధతిలో బొమ్మకి, శబ్దానికి మధ్య 5.5 మెగాహెర్ట్జ్ దూరం ఉంటుంది. అమెరికాలో 4.5. అక్కడి డబ్బా పెడితే బొమ్మ వచ్చినా మాట రాదు, గరగర మాత్రమే వినపడుతుంది. ఇక్కడ పాల్-బి/జి అని రాసి ఉన్నదే తీసుకోండి.

అంతకన్నా తేలిక దారి ఒకటుంది. ఎవరింట్లోనైనా పాత వీసీఆర్ మూలన పడి ఉందేమో అడగండి. క్యాసెట్ భాగం చెడిపోయినా ఫర్వాలేదు. దానికి ఏవీ ఇన్ ఉండి, వెనక యాంటెన్నా అవుట్ ఉంటే అదే మీ మాడ్యులేటర్. హెచ్‌డీఎంఐ2ఏవీ డబ్బా పిన్నులు వీసీఆర్ ఏవీ ఇన్‌లో, వీసీఆర్ యాంటెన్నా అవుట్ నుంచి వైరు టీవీకి. వీసీఆర్‌లో ఇన్‌పుట్ ఏవీకి మార్చాలి.

మీ టీవీ మరలకి 300 ఓమ్‌ల చదును వైరు పడుతుంది. వీసీఆర్ నుంచి వచ్చేది 75 ఓమ్‌ల గుండ్రటి వైరు. మధ్యలో బాలన్ అనే చిన్న ముక్క పెట్టాలి. పాత యాంటెన్నాల మీద ఉండేది అదే, ఎలక్ట్రానిక్ సామాన్ల షాపులో దొరుకుతుంది.

టీవీకి తిప్పే ట్యూనర్ ఉంటే చూసుకోవాల్సింది ఒకటి. చాలా వీసీఆర్లు యూహెచ్‌ఎఫ్ అనే పై బ్యాండ్‌లో పంపుతాయి. మీ టీవీ వీహెచ్‌ఎఫ్ అనే కింది బ్యాండ్ మాత్రమే పట్టేదైతే దొరకదు. ట్యూనర్ గుండీ పక్కన ‘యూ’ అనే అక్షరం ఉందేమో చూసి చెప్పండి.


పాలమూరు_సందీప్:

మాస్టారు గారూ, వైఫై సంగతి. ఒక ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, ట్యాబ్‌నీ స్టిక్‌నీ రెండింటినీ దానికే కలపండి. కాస్ట్ పనిచేస్తుంది. ఫోన్‌లో 2.4, 5 అని రెండు బ్యాండ్లు ఉంటే 2.4 పెట్టండి, పాత స్టిక్‌లకి 5 కనపడదు. డేటా తక్కువ తినాలంటే యూట్యూబ్‌లో క్వాలిటీ 480 పెట్టండి. ఆ తెర మీద అంతకన్నా ఎక్కువ పెట్టినా కంటికి తేడా తెలియదు. పాఠాలు ముందే ట్యాబ్‌లో డౌన్‌లోడ్ చేసుకుంటే డేటా అసలే అక్కర్లేదు. అప్పుడు మిరాకాస్ట్ (ట్యాబ్ తెరని ఉన్నదున్నట్టు టీవీకి పంపే పద్ధతి) పట్టే స్టిక్ కావాలి, అది ట్యాబ్‌తో వైఫై రౌటర్ లేకుండా నేరుగా కలుస్తుంది. మీ ట్యాబ్ పైనుంచి కిందికి లాగితే స్మార్ట్ వ్యూ, స్క్రీన్ కాస్ట్, వైర్‌లెస్ డిస్‌ప్లే వీటిలో ఏదైనా కనిపిస్తుందా?


మన్యం_టీచర్:

ట్యాబ్‌లో స్మార్ట్ వ్యూ ఉందండీ. టీవీకి గుండీ లేదు, ఎనిమిది బటన్లు ఉన్నాయి, ఒక్కో దాని పక్కన తిప్పే చిన్న చక్రం, దాని కింద వీఎల్, వీహెచ్, యూ అని మూడు గుర్తులు. వీసీఆర్ మా హెడ్మాస్టరు గారింట్లో ఉందట, రేపు తెస్తానన్నారు.


రేడియో_మెకానిక్:

‘యూ’ ఉందంటే ఇక దిగులు లేదు. వీసీఆర్ ఆన్ చేసి, ఏవీలో ఏదో ఒక బొమ్మ వస్తూ ఉండగా 8వ బటన్ నొక్కండి. దాని గుర్తుని ‘యూ’ దగ్గర పెట్టి చక్రాన్ని చాలా నెమ్మదిగా తిప్పండి. చుక్కల మధ్య నుంచి బొమ్మ ఒక్కసారిగా తేలుతుంది, అక్కడ ఆపి శబ్దం శుభ్రంగా వచ్చేదాకా వెంట్రుకవాసి అటూ ఇటూ జరపండి. వేరే సిగ్నల్ ఏదైనా అదే చోట పడి గీతలు వస్తే, వీసీఆర్ వెనక చిన్న మర ఉంటుంది, దాన్ని కొంచెం తిప్పితే ఛానల్ పక్కకి జరుగుతుంది. మిరాకాస్ట్ పట్టే స్టిక్ తెచ్చాక డబ్బా స్విచ్చు పాల్ వైపు ఉంచడం మరిచిపోకండి. బొమ్మ రాకపోతే టీవీ, వీసీఆర్‌ల వెనక భాగం ఫొటోలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.